గంప కింద దీపం

ఆ రోజుల్లో నాకు ట్యూబులైటు అంటే పగ. మా వైపు ఇళ్ళు కళ తప్పి ఉండటానికి కారణం వానలు లేకపోవడమో, గోడలకు సున్నం లేకపోవడమో కాదనీ, గోడకు అడ్డంగా బిగించిన ఆ తెల్లటి కడ్డీయేననీ గట్టిగా నమ్మేదాన్ని. ఇంటికి వచ్చిన చుట్టాలకు మంచినీళ్ళు ఇవ్వడం కంటే ముందు, మీ ఇంట్లో వెలుగు నేరుగా కళ్ళల్లో పడుతుందా, గోడ మీద పడి తిరిగి వస్తుందా అని అడిగేదాన్ని. (వాళ్ళు మా అమ్మ వైపు చూసేవాళ్ళు. అమ్మ నేల వైపు చూసేది.) ఇప్పుడు మా ఆయనకూ నాకూ మధ్య పడుకున్న మూడేళ్ళ పాప నిద్ర చెడకుండా, సెల్లు వెలుగును అరచేత్తో కప్పుకుని ఇది రాసుకుంటుంటే, అప్పటి నన్ను తలుచుకుని నవ్వు కంటే ముందు భయం వేస్తోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల చేతికి ఒక నిండు ఇంటిని ఎట్లా అప్పగించారు ఆ పెద్దవాళ్ళు?

ఆదోనిలో డిగ్రీ అయ్యాక అక్కడే ఒక అలంకరణ లైట్ల అంగడిలో చేరాను. చేరేటప్పుడే మా నాయన గడువు పెట్టాడు. "మూడు నెలలు సూస్తా. పని గట్టిది అనిపించుకుంటే సరే. ల్యాకుంటే గమ్మున బీఎడ్‌లో చేరు" అన్నాడు. నాకు బీఎడ్ అంటే ట్యూబులైటు కంటే ఎక్కువ భయం. రెండున్నర నెలలు బల్బుల డబ్బాల మీద దుమ్ము తుడవడంతోనే గడిచిపోయాయి. అప్పుడు మా సేటు (అంగడి యజమానిని అందరం అట్లాగే పిలిచేవాళ్ళం) నన్ను పిలిచి, ఎమ్మిగనూరులో ఒక కొత్త మిద్దె ఉందనీ, పది రోజుల్లో గృహప్రవేశమనీ, ఆ ఇంటి లైట్లన్నీ నా ఇష్టమనీ చెప్పాడు. "వాళ్ళు మెచ్చుకుంటే నువ్వు ఈడనే ఉంటావు పాపా. మెచ్చుకోలేదనుకో, దుమ్ము తుడిచేదానికి నాకు వేరే మనిషి దొరుకుతుంది" అన్నాడు నవ్వుతూనే.

ఆ ఇంటాయనది గోనెగండ్ల దగ్గర పల్లె. ఎమ్మిగనూరులో బట్టల అంగడి పెట్టి నిలదొక్కుకుని, పల్లెలో ఉన్న తల్లిని కూడా తెచ్చుకుని, ఈ మిద్దె కట్టాడు. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు, ఇంటాయన భార్య, నా కంటే ఏడాది చిన్నదేమో. సెల్లులో నూరు ఫోటోలు చూపించి ఒకే మాట చెప్పింది: "ఎమ్మిగనూరులో ఇంకెవురింట్లోనూ ఉండకూడదక్కా." అంతే, నాకు రెక్కలు వచ్చాయి. మెట్ల కింద నీలి రంగు పట్టీ లైట్లు పెట్టించాను. పూజగదికి తామరపూల దీపాలు. పడకగది కప్పుకు మబ్బు వేలాడదీశాను. నిజంగానే మబ్బు. తీగల చట్రానికి మా ఆదోని పత్తిని దట్టంగా అంటించి, లోపల మెరుపులాగా మినుకుమనే బల్బులు పెడితే, చీకట్లో కారుమబ్బు ఉరిమినట్టే ఉంటుంది (ఉరుము శబ్దం కూడా పెడదామన్నాను, ఇంటాయన చేతులు జోడించాడు). ఇంటాయన తల్లి, ఆ ఇంటి అవ్వ, గడప దగ్గర నిలబడి ఆ మబ్బును చాలాసేపు చూసింది. "మెరిసేది, కురవనిది. ఇట్లాటివి మా సేను మీద శానా సూసినాంలే పాపా. దీన్ని కాసు పెట్టి తెచ్చుకోవాల్నా?" అంది. నీలి మెట్లయితే ఆమె ఎక్కనే లేదు. "కరెంటును తొక్కమంటారేందప్పా!" అని కిందనే ఉండిపోయింది.

ఇంతా చేసి హాలుకు ఏం పెట్టాలో తోచలేదు. వేలాడే గాజు గుత్తులు ఎమ్మిగనూరులో అప్పటికే నాలుగిళ్ళలో ఉన్నాయి. అప్పుడొక మధ్యాహ్నం, బస్సులో కిటికీ పక్కన కునికిపాట్లు పడుతుంటే, ఎక్కడి నుంచో ఒక ఊహ వచ్చి నా ముందు నిలబడింది: చీకటి గది, మూలన నేల మీద బోర్లించిన వెదురు గంప, దాని సందుల్లోంచి పసుపు వెలుగు జారి గోడల నిండా చుక్కలు చుక్కలుగా పరుచుకోవడం. ఎంత అందంగా ఉందంటే బస్సులోనే ఒళ్ళు పులకరించింది. ఇది ఏ ఫోటోలోనూ చూడలేదు, ఇది నా సొంతం, పూర్తిగా నా బుర్రలో పుట్టింది అనుకున్నాను. సంతలో మంచి గంప కొన్నాను. బల్బు కూడా మామూలుది కాదు, వత్తిలాగా సన్నగా వణికే రకం వెతికి పట్టుకున్నాను.

మా అంగడి ఎలక్ట్రీషియన్‌కు చెవి వెనుక ఎప్పుడూ టెస్టరు ఉండేది కాబట్టి టెస్టరన్న అని పేరు. ఆయన గంపను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరే పాపా, ఇది కోళ్ళు కమ్మే గంప కదా!"

"కాదన్నా, ఫ్లోర్ ల్యాంపు."

"ల్యాంపు అయితే కింద ఎందుకు? ఎవరి కాలైనా తగిలితే? పైన కట్టేస్తా, రెండు నిమిషాల పని."

"ఫ్లోర్ ల్యాంపు అంటేనే కింద ఉండేది అన్నా."

"సరే తల్లీ, చదువుకున్నోళ్ళు మీరు" అని టెస్టరు చెవి వెనుకకు తోసుకున్నాడు. పైన కట్టేస్తానన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉంటే ఈ కథే లేదు.

గృహప్రవేశం మరుసటి రోజు తెల్లవారుజామున. ముందురోజు సాయంత్రం పొద్దు వాలేసరికి ఇంటి ముందు షామియానా వేసి, ప్లాస్టిక్ కుర్చీలు దించి పోయారు. అరటి చెట్లు, మామిడాకులు ఇంకా రాలేదు. ఇంటివాళ్ళంతా పెరట్లో వంటవాళ్ళ దగ్గర ఉన్నారు. నేనూ టెస్టరన్నా మిద్దె మీద దండ లైట్లు కడుతున్నాం. హాల్లో మిగతా లైట్లన్నీ ఆర్పి, గంప దీపం ఒక్కటే వెలిగించి వచ్చాను, అతిథులు రాగానే మొదట అదే కనబడాలని. నాకు తెలియనిది ఏమిటంటే, ఉక్కకు తట్టుకోలేక అవ్వ మంచం వద్దనుకుని, కొత్త బండల చల్లదనానికి ఆ గంప పక్కనే నడుం వాల్చింది. దోమలు ముసురుతున్నాయని కొడుకు తెల్లపంచె ఒకటి తల మీది నుంచి కాళ్ళ దాకా కప్పుకుంది. చెవులు సరిగా వినబడవు కాబట్టి హాయిగా నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే గోనెగండ్ల నుంచి ఆటో వచ్చి ఆగింది. ఇంటాయన అక్క, పిల్లలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఇంటి ముందు షామియానా, కుర్చీలు. లోపల చీకటి. మూలన నేల మీద గంప బోర్లించిన దీపం. పక్కన తెల్లపంచె కింద తల్లి.

మిద్దె మీద ఉన్న నాకు ముందు ఒక కేక వినబడింది. తర్వాత చాలా కేకలు. "అమ్మా! ఇంత పని సేస్తివే! పాలు పొంగేది సూడకుండానే పోతివే! కమ్మలు నీకే ఇస్తానని నోటితో సెప్పి, సేతికి ఇయ్యకుండానే పోతివే నా తల్లీ!"

అవ్వ పోయింది. ఎట్లా పోయింది? గంప దీపం పక్కన. అంటే కరెంటు. అంటే నేను. నా గంప మనిషిని చంపింది. నీలి మెట్ల మీద ఎట్లా దిగానో తెలియదు, దిగుతున్నంతసేపూ పోలీసులూ, మా నాయనా, బీఎడ్ కాలేజీ గేటూ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. (అంత విపత్తులోనూ బీఎడ్ గుర్తుకు వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.) నా వెనుకే టెస్టరన్న, "ఎవరూ ముట్టొద్దు! మెయిన్ తీయండి, మెయిన్!" అని అరుస్తూ పరిగెత్తి తానే మెయిన్ లాగేశాడు. ఇల్లంతా కన్ను కనబడని గుయ్యారమైంది. గంప దీపమూ పోయింది. దాంతో ఏడుపు రెండింతలైంది. "దీపం గూడా ఆరిపాయె! నీ పానం అంత తొందరపడెనా అమ్మా!"

పెరట్లోంచి ఇంటాయన పరిగెత్తుకు వచ్చి గడపలోనే కూలబడ్డాడు. కోడలు నా వైపు చూసింది. సెల్లు వెలుగులో ఆ చూపు ఇప్పటికీ నాకు కనబడుతుంది. ఎవరో అన్నారు, "ఊపిరి ఉందేమో సూడండప్పా, ముక్కు కాడ పత్తి పెట్టి సూడండి!" పత్తి! మబ్బుకు అంటించగా మిగిలిన పత్తి నా సంచిలో ఉంది. ఒక చేత్తో సెల్లు పట్టుకుని, ఇంకో చేత్తో దూది పోగు తీసి, పంచె తొలగించి అవ్వ ముక్కు దగ్గర పెట్టాను. పత్తి కదులుతోందో లేదో తెలియడం లేదు. ఇంకొంచెం దగ్గరగా పెట్టాను. ఇంకొంచెం. పోగు లోపలికి పోయింది.

అవ్వ తుమ్మింది.

అంత పెద్ద తుమ్ము నేను అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. ఏడుపు కోసినట్టు ఆగిపోయింది. అవ్వ లేచి కూర్చుని, నా చేతిని ఒక్కటి కొట్టి, "ఎవురే అది, బతికుండంగానే ముక్కులో పత్తి పెడతాండేది!" అంది.

టెస్టరన్న మెయిన్ వేశాడు. గంప దీపం మళ్ళీ వణుకుతూ వెలిగింది. అప్పుడు చూశాను నేను దాన్ని, అందరి కళ్ళతో. మా వైపు ఇంట్లో మనిషి పోతే, పోయిన చోటనే నేల మీద దీపం పెట్టి, గాలికి ఆరకుండా గంప బోర్లిస్తారు. పెద్దకర్మ దాకా అది వెలుగుతూనే ఉండాలి. ఇది మా జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి తెలిసి, గృహప్రవేశం ఇంట్లో, కొత్త హాల్లో, వత్తి బల్బు వెతికి మరీ పెట్టాను. ఎమ్మిగనూరులో ఎవరింట్లోనూ లేనిదే కావాలంది కోడలు. మాట నిలబెట్టుకున్నాను. చావు లేని ఏ ఇంట్లోనూ అది ఉండదు.

అవ్వకు విషయం మొత్తం చెవిలో అరిచి చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఆమె గంప వైపు చూసింది. తర్వాత నా వైపు.

"నువ్వేనా పెట్టింది?"

"నేనే అవ్వా." చేతులు జోడించాను.

"నీకు అమ్మా నాయనా ల్యారా? సెప్పలేదా?"

"ఉన్నారవ్వా."

ఇంటాయన లేచి, సేటుకు ఫోను చేస్తానని సెల్లు తీశాడు. అవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. "ఉండ్రా. ఈ మిద్దెలో నాకు కండ్లకు సల్లగుండేది ఇదొక్కటే. ఆ నీలి లైట్లలో పడుకుంటే నిజంగానే సస్తా. కింద పెడితే కదా సావు? పైకి ఎక్కించండి. పైనుంటే ఎవురు ఏమనేది!" తర్వాత కూతురి వైపు తిరిగింది. "మే, కమ్మలు నీకిస్తానని నేను యాడ సెప్పినా? ఎప్పుడు సెప్పినా?"

"నేను ముందే చెప్పినా పైన కడతా అని" అని గొణుగుతూ టెస్టరన్న అప్పుడే స్టూలు ఎక్కాడు.

కబురు మాత్రం ఆగలేదు. ఆటోవాడు అప్పటికే గోనెగండ్లకు చెప్పేశాడు. మరుసటి తెల్లవారి పాలు పొంగే వేళకు, ఒక ముసలి బంధువు నిలువెత్తు పూలదండతో దిగబడి, గడపలో ఎదురొచ్చిన అవ్వను చూసి దండతో సహా వెనక్కి నడిచాడు. అవ్వే పిలిచి ఆ దండను గుమ్మానికి కట్టించింది. సేటు ఆదోని నుంచి ఫోను చేసి, "పాపా, నిజం చెప్పు, ఎంతమంది పోయినారు?" అన్నాడు. ఎవరూ పోలేదని అవ్వ చేతనే చెప్పించాను. "పిల్ల మంచిదేలే అప్పా, కొంచెం ఎర్రిది" అంది. ఆ సర్టిఫికెట్టుతోనే నా పని ఖాయమైంది. ఒకే షరతు: ఏ లైటైనా నేల మీద పెట్టాలంటే ముందు సేటును అడగాలి.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ నవ్వలేదు. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. "ఆ గంప నీకు యాడ నుంచి వచ్చిందనుకున్నావు? ఆలూరులో మీ తాత పోయినప్పుడు నీకు ఆరేండ్లు. అందరం ఏడుస్తాంటే నువ్వు దీపం కాడ నుంచి కదలకపోతివి. గోడ మీద సుక్కలున్నాయి, ఎంచుతాండా అంటివి" అంది. అవ్వ తుమ్మినప్పుడు కూడా నేను అంత అదిరిపడలేదు. ఆ వెలుగును దాచుకున్నాను, తాతను మరిచిపోయాను. నా సొంత బుర్రలో పుట్టిందని చెప్పుకుంటూ ఊరంతా తిరిగాను.

ఇప్పుడు మా ఇంట్లోనూ ఒక గంప ఉంది, కప్పుకు వేలాడుతూ. పాప ఆ చుక్కల కింద తప్ప నిద్రపోదు. "అమ్మా, కింద పెట్టు, పట్టుకుంటా" అంటుంది రోజూ. "వద్దు తల్లీ, పైనే ఉండనీ" అంటాను రోజూ. నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఒకసారి చాలదు. మా ఆయన, "పత్తి తెచ్చివ్వమంటావా?" అని ఎగతాళి చేసి అటు తిరిగి పడుకుంటాడు. ఇందాక కూడా పెట్టాను. వెచ్చటి ఊపిరి తగిలింది. పాప నిద్రలోనే ముఖం చిట్లించి, అచ్చం ఆ అవ్వలాగే, నా చేతిని ఒక్కటి కొట్టింది. నవ్వొచ్చింది. దీపం ముందు కూర్చుని చుక్కలు ఎంచిన ఆ ఆరేళ్ళ పిల్లా, గంప చంకన పెట్టుకుని బస్సెక్కిన ఆ ఎర్రి పిల్లా ఇద్దరూ గుర్తొచ్చి ఇంకాసేపు నవ్వుకున్నాను. తర్వాత మళ్ళీ వేలు పెట్టి చూశాను.