కలోచాలో ముచ్చికలు తీసిన రోజు

వేసవి సెలవులు అనగానే అందరికీ మామిడిపళ్లు గుర్తొస్తాయేమో గానీ నాకు మాత్రం తుమ్ములు గుర్తొస్తాయి. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ సెలవులన్నీ నేనూ, నా నేస్తం కరుణా చిలకలూరిపేట హైవే పక్కన ఒక మిర్చి షెడ్డులో ఎండుమిరపకాయలకు ముచ్చికలు తీస్తూ గడిపాం. ముచ్చిక అంటే తొడిమ. కాయను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి బొటనవేలితో టక్కున విరిచేయాలి. మూతికి గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతుంటే ఇంటికొచ్చి మజ్జిగలో ముంచుకునేవాళ్లం. అయినా ఆ షెడ్డులో నవ్వినంతగా నేను మళ్లీ ఎక్కడా నవ్వలేదు. ఎవరి బుట్ట ముందు అవుతుందని పందెం వేసుకుంటే ప్రతిసారీ కరుణే గెలిచేది.

కరుణ నర్సు కోర్సు చదివి కువైట్ వెళ్లింది. అక్కడి ఆసుపత్రిలో పరిచయమైన హంగరీ ఇంజనీరును పెళ్లి చేసుకుని, ఇరవై రెండేళ్ల క్రితం అతని ఊరు కలోచాలో స్థిరపడింది. నేను సత్తెనపల్లిలో సోషల్ టీచరుగా చేసి కిందటేడు రిటైరయ్యాను. సన్మానం శాలువా ఇంకా మడత పెట్టకముందే కరుణ ఫోన్. "ఏమే పద్మా, ఇక బడి గంట నీ కోసం మోగదుగా. ఈసారి సెలవులు నా దగ్గర గడుపుదువు రా. మా ఊళ్లో కూడా మిరపకాయలేనే!" అంది. ఆ చివరి మాటకే నేను పడిపోయాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. హంగరీకి షెంగెన్ వీసా కావాలి, హైదరాబాదులోనే అప్లై చేయవచ్చు. కరుణ పంపిన ఆహ్వాన పత్రం వల్ల నాకు మూడు వారాల్లో వచ్చేసింది. బుడాపెస్ట్‌కు నేరుగా విమానం లేదు. దోహాలో మారి వెళ్లి రావడానికి టికెట్ ఎనభై వేల దాకా అయింది. జూలై చివరి వారంలో తెల్లవారుజామున ఐదింటికి సత్తెనపల్లిలో కారెక్కి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా పదిన్నరకల్లా శంషాబాద్ చేరాను. దారంతా డ్రైవరుకు నా పచ్చళ్ల పెట్టె మీదే దిగులు. "ఆ దేశంలో కారం తినరంటగా మేడమ్ గారూ, మరి ఇదంతా ఎవురి కోసమండీ?" అన్నాడు. మా ఫ్రెండు తింటుందయ్యా అన్నాను. "ఇరవయ్యేళ్ల తర్వాత కూడానా అండీ?" అని అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

బుడాపెస్ట్ విమానాశ్రయంలో కరుణను చూడగానే ఆ జాలి నాకే అంటుకుంది. జుట్టు తెల్లబడింది, మాట నెమ్మదించింది. నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అక్కడి నుంచి నేప్లిగెత్ బస్ స్టేషనుకు వెళ్లి కలోచా బస్సెక్కాం. రెండు గంటల ప్రయాణం, టికెట్ మన లెక్కలో ఆరేడు వందలు. ఊరు దాటగానే నేల చదునైపోయింది. కొండ లేదు, గుట్ట లేదు, పొద్దుతిరుగుడు, మొక్కజొన్న. పత్తి తప్ప అన్నీ ఉన్నాయి, అచ్చం అద్దంకి వైపు వెళ్తున్నట్టే ఉందే అన్నాను. కరుణ నవ్వలేదు.

"ఒక మాట చెప్తాను, ఏమనుకోమాకే" అంది కిటికీలోంచి చూస్తూ. "మనం షెడ్డుకి కూలికి పోయిన సంగతి ఇక్కడ ఎత్తమాక. మా అత్తగారికి తెలీదు. మా నాన్నకి మిరపతోటలు ఉండేయని చెప్పాను."

కరుణ నాన్న మా ఊరి చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, తాళం వేసేవాడు. ఆ కుటుంబానికి సెంటు భూమి లేదు.

"ఎందుకే అట్టా చెప్పావు?" అన్నాను.

"పెళ్లై వచ్చిన కొత్తలో, మీ వాళ్లేం చేస్తారని అడిగింది. నోట్లోంచి అదే వచ్చేసింది. ఇక మార్చడం నావల్ల కాలేదు."

సరే అన్నాను గానీ మనసు చివుక్కుమంది. నేను దాచుకుని దాచుకుని గుర్తు చేసుకునే సెలవులు తనకు దాచిపెట్టాల్సిన సెలవులయ్యాయని ఆ బస్సులోనే తెలిసింది.

ఆ తర్వాత ఆరు వారాలు బాగా తిరిగాం. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ నది మీద గొలుసు వంతెన నడిచి దాటాం. వేడినీళ్ల స్నానాల కొలనులో గొంతు దాకా మునిగి కూర్చున్నాం. బలాతోన్ సరస్సు దగ్గర నాలుగు రోజులున్నాం. అన్నీ అందంగానే ఉన్నాయి. కానీ రాత్రి భోజనాల దగ్గర నేను "అప్పుడు గుర్తుందా..." అని మొదలుపెట్టగానే కరుణ గ్లాసు అందుకునేది, నేను మాట మార్చేదాన్ని. నేను తెచ్చిన పండుమిరపకాయ పచ్చడి మాత్రం రోజూ గిన్నె ఊడ్చుకుని తింటూనే ఉంది.

అసలు చెప్పాలనుకున్నది సెప్టెంబరు రెండో వారంలో ఒక శనివారం గురించి. కలోచాలో అది మిరపకోతల కాలం. ఇళ్ల చూరుల కింద ఆరడానికి కట్టిన ఎర్రటి మిరపకాయల దండలు వేలాడుతుంటాయి. కరుణ అత్తగారు ఇలోనా గారికి ఎనభై దాటాయి, అయినా ఏటా పెరటి మడిలో పండిన కాయలు తానే దండలు కడుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు మేం వెళ్లేసరికి వరండాలో నాలుగు గంపలు నిండుగా ఉన్నాయి. కరుణకు బల్ల దగ్గర కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఇరవై రెండేళ్లుగా అంతేనట. తోటలున్న ఇంటి పిల్లని, ఒక్క కాయ ముట్టనిచ్చేది కాదు.

తొమ్మిదిన్నరకు కరుణ రొట్టెలు తేవడానికి బజారుకు వెళ్లింది. ఇలోనా గారు ఒక గంప నా ముందుకు జరిపి, కాయల్ని చూపించి, ఏదో చెప్పి లోపలికి వెళ్లింది. ఆ భాషలో నాకు నమస్కారం, థాంక్స్ తప్ప ఏమీ రావు. కానీ మిరపకాయల గంప ముందు పెడితే ఏం చేయాలో మా వైపు ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను మొదలుపెట్టాను. ఇంకా ఎండని కాయలు కాబట్టి విరిస్తే రావడం లేదు, కొంచెం మెలిపెట్టాలి. పది కాయలకు ఒడుపు దొరికింది. తర్వాత చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. నలభై అయిదేళ్ల కిందటి పాటలు కూడా నోట్లోకి వచ్చేశాయి.

ఇలోనా గారు ఇంత పొడుగు సూదీ, దారం ఉండా తీసుకుని బయటికొచ్చేసరికి గంప పూర్తయింది. నా కాళ్ల దగ్గర ముచ్చికల కుప్ప. ఆవిడ దాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. ఆ సూది చూశాక నాకు వెలిగింది. వీళ్లు దండ గుచ్చేది ముచ్చికలోంచే! ముచ్చిక లేని కాయను దండ కట్టలేరు. ముసలావిడ ఏడాదంతా పెంచిన పంటలో నాలుగో వంతు నేను పాటలు పాడుకుంటూ పాడుచేశాను.

సరిగ్గా అప్పుడే కరుణ రొట్టెల సంచితో గేటు తీసింది. కుప్పను చూసింది, నన్ను చూసింది, మొహం పాలిపోయింది. ఇలోనా గారు ఒక కాయ చేతిలోకి తీసుకుని, తొడిమ పోయినచోట వేలితో తడిమి ఏదో అడిగింది.

"ఏమంటుందే?" అన్నాను.

"ఒక్క కాయ కూడా చీలలేదు, ఇంత కాసేపట్లో ఇంత గంప ఎట్టా అయింది, ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతోంది" అంది కరుణ, తల ఎత్తకుండా.

"నాకు ఇంట్లో వంట అలవాటని చెప్పెయ్. నీ సంగతి ఎందుకు, నా వరకే చెప్పు" అన్నాను. నిజంగా అలాగే చెప్పాలని కోరుకున్నాను. నా మూలంగా తను అత్తగారి ముందు తల వంచుకోవడం నేను చూడలేను.

కరుణ సంచి కింద పెట్టింది. షెడ్డు రోజుల్లోలాగే, ప్యాంటు మీదే నా పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండో గంపలోంచి ఒక కాయ తీసి, నాకన్నా వేగంగా, చూడకుండానే ముచ్చిక తీసి చూపించింది. ఇంకొకటి. ఇంకొకటి. తీస్తూనే అత్తగారితో మాట్లాడటం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. నాకు అర్థమైనవి రెండే మాటలు, "చిలకలూరిపేట", "పద్మ". ఆఖర్న కళ్లు తుడుచుకోబోయి, మిరపకాయలు ముట్టిన చేతులని పాత అలవాటు గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది.

ఇలోనా గారు చేతిలోని కాయను గంపలో పడేసింది. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచి కేకలేసింది.  ఈ వయసులో నా నేస్తాన్ని పోగొట్టుకున్నానా అనిపించింది. కానీ కరుణ తిట్లు తింటూ నవ్వుతోంది.

"ఏమంటుంది చెప్పవే!"

"ఇరవై రెండేళ్లుగా ఈ గంపలన్నీ నేనొక్కదాన్నే నడుం విరగ్గొట్టుకుని చేస్తుంటే, ఈ చేతుల్ని ఎక్కడ దాచిపెట్టావే అని తిడుతోంది."

మధ్యాహ్నం రెండింటిదాకా ముగ్గురం కూర్చున్నాం. మిగిలిన గంపలు ముచ్చికలు ఉంచి దండలు కట్టాం, నేను తీసినవి జల్లెళ్ల మీద పరిచి అటక మీద ఆరబెట్టాం. నేను ఏ షెడ్డు కథ మొదలుపెట్టినా కరుణ ఈసారి గ్లాసు అందుకోలేదు, తనే పూర్తి చేసింది, అత్తగారికి తర్జుమా కూడా చేసింది. వచ్చేటప్పుడు ఇలోనా గారు ఒక దండ నా మెడలోనే వేసింది.

ఇప్పుడు ఆ దండ సత్తెనపల్లిలో మా వంటింటి కిటికీకి వేలాడుతోంది. ఆ కాయల్లో కారం లేదు, మా వీధిలో వాళ్లు చూసి నవ్వుతున్నారు. నేను కరుణను చూడటానికి వెళ్లానని అనుకున్నాను. షెడ్డులో పందేలు గెలిచిన ఆ పదమూడేళ్ల పిల్లను వెతుక్కుంటూ వెళ్లానని, ఆరు వారాలు తను కనపడలేదని, ఆ గంప దగ్గర కనపడిందని ఇప్పుడు తెలుస్తోంది. నిన్న కరుణ ఫోన్ చేసి, ఈ ఏడాది దండలు తనే కడుతున్నట్టు చెప్పింది. వచ్చే వేసవికి అత్తగారిని తీసుకుని వస్తుందట, షెడ్డు చూపించడానికి.

మీరు వెళ్లేట్టయితే ఒక్క మాట. కలోచా చూడాలంటే జూలై కాదు, సెప్టెంబరులో వెళ్లండి. ఎవరైనా మిరపకాయల గంప మీ ముందు పెడితే మాత్రం, చేతులు కట్టుకుని, సూది వచ్చేదాకా ఆగండి.