కోత పండుగ వేలంలో నేను

నా చిన్నప్పుడు నన్నొకసారి వేలం వేశారు. ఈ మాట చెబితే మా సంఘంలో కుర్రాళ్లు మొహమొహాలు చూసుకుంటారు, అమ్మగారికి వయసు మీదపడి ఏదో అంటున్నారనుకుంటారు. అననీయండి. వేలం వేసిన మాట నిజం, వేసినవారు మా పేట చర్చి అయ్యగారు. మా వైపు పాస్టరు గారిని అయ్యగారనే పిలుస్తాం.

మాది మండవల్లి దిగువన కొల్లేటి లంక. అప్పట్లో ఏలూరు వెళ్లాలన్నా, గూడెం వెళ్లాలన్నా ముందు దోనె ఎక్కాలి, తరవాతే బస్సు. నేను పొత్తిళ్లలో ఉండగా జ్వరం తగిలి కళ్లు తేలేశానట. మందు లేదు, దోనె వెళ్లే దారి లేదు, బయట తుఫాను. మా అమ్మ నన్ను ఒళ్లో వేసుకుని, ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇచ్చేస్తానయ్యా అని దేవుడికి మాటిచ్చేసింది. నేను బతికాను. ఆ రోజు నుంచి నేను మా ఇంటి పిల్లను కాదు, దేవుడి పిల్లను.

అదేదో గొప్ప అనుకునేరు. మా తమ్ముడు అల్లరి చేస్తే అమ్మ వీపు మీద ఒక్కటి వేసి ఊరుకునేది. నేను చేస్తే వీపు మీద పడ్డది కాక, సేవకి వెళ్లాల్సిన పిల్లవి ఇలాగేనా అని సాయంత్రం దాకా సాగేది. పేటలో ఎవరింట్లో ప్రార్థన జరిగినా నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవారు. చెరువుగట్టు మీద పిల్లలందరూ నత్తలు ఏరుకుంటుంటే నేను కంఠత వాక్యాలు వల్లె వేసుకోవాలి.

ఊళ్లో బడి చదువు అయిపోయాక మా అమ్మ మొక్కు తీర్చే సమయం వచ్చింది. ఏలూరులో ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. అక్కడ ఉంచి, చదివించి, బైబిలు స్త్రీలుగా తయారుచేసేవారు. అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చే ఆడవాళ్లన్న మాట. కోత పండుగనాడు అందరి ముందూ నన్ను దేవుడికి అప్పగించడం, ఆ మర్నాడే ఏలూరు పంపడం అని పెద్దవాళ్లు మాట్లాడేసుకున్నారు. రేకు పెట్టె కూడా వచ్చేసింది.

ఇల్లు వదిలి వెళ్లాలంటే ఏడుపు రావడం సహజమే. కాని నా బాధ అంతకన్నా పెద్దది. నాకు వెళ్లాలని లేదు. వెళ్లకపోతే మాత్రం దేవుడు ఇచ్చిన ప్రాణం వెనక్కి లాగేసుకుంటాడని నా నమ్మకం. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, మా అమ్మ మాటల్ని కలిపి నేనే చేసుకున్నాను. ఎవరితో చెప్పుకోను? అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. పెరట్లో కోళ్లకు పడేసి తిన్నానని చెప్పేదాన్ని. మా కోళ్లు మాత్రం బాగా ఒళ్లు చేశాయి.

పండుగ ముందు అయ్యగారు మా ఇంటికి ప్రార్థనకి వచ్చారు. బక్కపలచటి మనిషి, పెద్ద చెవులు, ఎప్పుడూ నలిగిన తెల్లబట్టలు. వెళ్తూ వెళ్తూ నన్ను రేవు దాకా రమ్మన్నారు. దోనె కట్టు విప్పుతూ, ఏమ్మా ఇలా చిక్కిపోయావు అని అడిగారు. ఆ మాటకే నా లోపల ఉన్నదంతా బయటికొచ్చేసింది.

“నేను వెళ్లకపోతే చచ్చిపోతానా అండీ?”

ఆయన చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. లేదమ్మా అని ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూశాను. నా తల మీద చెయ్యి వేసి, దోనె ఎక్కి, గెడ వేసుకుంటూ వెళ్లిపోయారు. ఈయనా అంతే అనుకున్నాను. ఆయన మీద నాకొచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు.

కోత పండుగ అంటే తెలియనివాళ్లకి చెప్పాలి. సార్వా, అంటే వానాకాలం పంట ఇంటికొచ్చాక, ఎవరికి కలిగింది వాళ్లు చర్చికి తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. కొత్త బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన పుంజులు, గంగాళంలో ఈదే కొర్రమీనులు. అయ్యగారు వాటి మీద ప్రార్థన చేసి దేవుడికి అప్పగిస్తారు. ఆరాధన అయ్యాక అన్నింటినీ బయట పందిట్లోకి తెచ్చి వేలం వేస్తారు. వచ్చినదానితో చర్చికి తాటాకు కప్పిస్తారు. ఒక్కోసారి ఎవరి గుమ్మడికాయని వాళ్లే పాడుకుని ఇంటికి పట్టుకుపోయి దప్పళం పెట్టుకుంటారు. అందులో తప్పేం లేదు.

ఆ ఆదివారం మా అమ్మ నాకు కొత్త పరికిణీ కట్టి, బియ్యం బస్తాకీ అరటిగెలకీ మధ్య నిలబెట్టింది. అయ్యగారు అన్నింటి మీదా ప్రార్థించి, నా తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డను నీకిచ్చారు, అందుకో తండ్రీ అన్నారు. వెనకాల మా అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. సంతోషమో దుఃఖమో అమ్మకే తెలియదు.

తరవాత పందిట్లో వేలం మొదలైంది. సంఘపెద్ద ఒకాయన పళ్లెం మీద గరిటెతో కొడుతూ పాట పెంచుతున్నాడు. కొర్రమీనులు అయ్యాయి, గుమ్మడికాయలు అయ్యాయి. అప్పుడు అయ్యగారు లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వేలం బల్ల మీద నిలబెట్టారు.

“ఇందాక దేవుడి ముందు పెట్టినవన్నీ పాటకి రావాలి కదండీ. ఇదొకటి మిగిలిపోయింది.”

అందరూ గొల్లున నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. ఈ పాట డబ్బుతో పాడేది కాదన్నారు. ఈ పిల్లను ఇంటికి తీసుకెళ్లి, కడుపునిండా అన్నం పెట్టి, చదివించి, పెద్దయ్యాక తన మనసుకి తోచిన దారిన వెళ్లనిచ్చేవాళ్లే పాడాలన్నారు. మా పక్కింటి అక్క వేళాకోళానికి చెయ్యెత్తి, నాకిచ్చెయ్యండి అయ్యగారూ, రోజూ చేపల పులుసే పెడతానండీ అంది. ఇంకొకామె లేచి, మా ఇంట్లో గేదె ఉంది, పెరుగన్నం కూడా పెడతానంది. పాట బాగానే పెరిగింది. నాకూ కొంచెం ఆశ పుట్టింది, పులుసు మీద కాదు.

మా అమ్మ మాత్రం స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. చివరికి నోరు తెరిచింది.

“మాట తప్పితే నా బిడ్డని తీసేసుకుంటాడండీ అయ్యగారూ.”

అప్పుడు తెలిసింది నాకు, నా గొంతుకి అడ్డం పడ్డ భయం నా ఒక్కదానిదే కాదని. ఇన్నేళ్లూ మా అమ్మ దాన్ని మింగుకుంటూనే నాకు జడలు వేసింది, అన్నాలు పెట్టింది.

అయ్యగారు వెళ్లి మా అమ్మ ఎదురుగా చాప మీద కూర్చున్నారు. ఆయన అలా కూర్చోగానే పెద్దలంతా కూర్చున్నారు. అయ్యగారు తన కథ చెప్పారు. ఆయన్నీ వాళ్లమ్మ ఇలాగే మొక్కుకుందట. ఆమె మాట పోతుందని భయపడి గూడెంలో బైబిలు చదువు చదివి, తెల్లబట్టలు కట్టుకున్నారట. చాలా ఏళ్లు ప్రసంగాలు చెప్పారట, పెళ్లిళ్లు చేశారట, లోపల మాత్రం వెట్టి చేస్తున్నట్టే ఉండేదట. ఒక వానాకాలం, ఉండి అనే ఊరి వైపు పల్లెలో ఒక ముసలాయన చనిపోతూ, ఈయన చెయ్యి పట్టుకుని వదల్లేదట. వెళ్లిపోవడానికి దోనె సిద్ధంగా ఉన్నా, అక్కడే ఉండాలని ఆ రోజు మొదటిసారి తనకి తానుగా అనిపించిందట.

“ఆ రోజు నుంచే నేను సేవకుణ్ణమ్మా. అంతకు ముందు మా అమ్మ మొక్కు మోసేవాణ్ణి, అంతే.”

తరవాత మెల్లిగా చెప్పారు. నువ్వు ఇచ్చావు, ఆయన అందుకున్నాడు, నీ మాట చెల్లిపోయింది. గుమ్మడికాయ ఇచ్చినవాళ్లు దాన్ని పాడుకుని ఇంటికి తీసుకెళ్తే దేవుడి సొమ్ము కాజేసినట్టా? ఈ పిల్లనీ అలాగే తీసుకెళ్లు. ఎప్పుడు పిలవాలో, అసలు పిలవాలో వద్దో ఆయన చూసుకుంటాడు.

మా అమ్మ ఏ పాటా పాడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, అంత పొడుగు పిల్లను, నా కాళ్లు తన మోకాళ్ల కిందకి వేలాడుతుంటే, చంకనెత్తుకుంది. సంఘపెద్ద ఒకటోసారి, రెండోసారి అని, మూడోసారి అనకుండానే పళ్లెం మీద కొట్టేశాడు. ఆ మధ్యాహ్నం నేను తిన్న అన్నం రుచి ఇంకా చెప్పగలను. మా కోళ్లు పస్తులున్నాయి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. రెండో పంట, దాళ్వా నాట్ల రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. మా అమ్మ మొహం పాలిపోయింది, మళ్లీ మోకాళ్ల మీద పడింది. కబురందుకుని అయ్యగారు పొద్దున్నే వచ్చారు. ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఇవాళ మొక్కులేవీ వద్దమ్మా, ముందు ఆసుపత్రికి పదండి అని నన్ను దోనెలో పడుకోబెట్టి తనే గెడ వేశారు. దారంతా మా అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆయన ఏవో చిన్నప్పటి కబుర్లు చెబుతూ అమ్మని మాటల్లో పెట్టారు. మాత్రలకి జ్వరం తగ్గింది. ఆ తరవాత మా అమ్మ నన్ను దేవుడి పిల్ల అనడం మానేసింది. అల్లరికి వీపు మీద ఒక్కటే పడేది.

నేను నర్సు చదువు చదివి ఏలూరులో ఉద్యోగం చేశాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. సేవ మాట నాకు గానీ మా అమ్మకి గానీ గుర్తున్నట్టే ఉండేది కాదు. వార్డులో, ఎవరూ చూడటానికి రాని రోగుల మంచం పక్కన కూర్చుని, అడిగితే ప్రార్థన చేసేదాన్ని. డ్యూటీ అయిపోయాక కూడా లేవబుద్ధి అయ్యేది కాదు. అలా ఉండగా ఉండగా ఒక రోజు నాకు స్పష్టంగా తెలిసిపోయింది. ఉద్యోగం మానేసి గూడెం వెళ్లి బైబిలు చదువుతానని, కొల్లేటి పల్లెల్లో సేవ చేస్తానని ఇంట్లో చెప్పాను. మా ఆయన ఒప్పుకున్నారు. అమ్మకి చెప్పడానికి లంకకి వెళ్లాను.

సంతోషంతో ఎగిరి గంతేస్తుందనుకున్నాను. బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

“నా కోసమా?”

కాదమ్మా అన్నాను. నా కోసమైతే వద్దే, నాకు ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది అంది. నీ కోసం కాదమ్మా, నాకే వెళ్లాలనుంది అన్నాను. అప్పుడు ఏడ్చింది. అయ్యగారు అప్పటికే లేరు. ఉండి ఉంటే ఆ సాయంత్రమే దోనె కట్టించుకుని వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని.

గూడెంలో చదివి, కొల్లేటి పల్లెల్లో సేవ చేస్తూనే ఇప్పుడు నేనే ముసలిదాన్నయ్యాను. సేవకి వస్తామంటూ పిల్లలు నా దగ్గరికి వస్తారు, వెనకాల తల్లులు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నిలబడతారు. నేను తల్లుల్ని బయట కూర్చోబెట్టి, పిల్లలకి ముందు అన్నం పెట్టి, మా అమ్మ నన్నడిగిన ప్రశ్నే అడుగుతాను, ఎవరి కోసం వచ్చావని. కొందరు తల దించుకుంటారు. వాళ్లని ఇంటికి పంపేస్తాను, దేవుడు మీ మీద కోపంగా లేడని చెప్పి మరీ పంపుతాను. తిరిగి వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లున్నారు. రానివాళ్ల పెళ్లిళ్లకి కూడా వెళ్లి ఆనందంగా భోంచేసి వస్తాను.