రెండు చుక్కలు, కింద ఒక గీత

మా ఇస్త్రీ పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున నేను ఆఫీసు మీటింగులో ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ లేదే ఇగ" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను లేచి బయటికి వచ్చేశాను. దగ్గరి చుట్టమా అని మా టీమ్‌లో ఎవరో అడిగితే అవునన్నాను.

ఆరోజే కూర్చుని రాసి ఉంటే ఇది ఇంకో రకంగా ఉండేది. ఆమెను ఆకాశానికెత్తి, రెండు కన్నీటి చుక్కలు రాల్చి ముగించేవాణ్ణి. పదోరోజు భోజనాలకు వెళ్ళొచ్చాక రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, చెప్తాను. కానీ చెప్పేవాడికి కడుపు మండుతోందని ముందే తెలిస్తే మీకే మంచిది.

ఖాజాగూడలో మా హాస్టల్ సందు మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆమె బండి ఉండేది. బొగ్గుల ఇస్త్రీపెట్టె, మడతపెట్టిన పాత దుప్పటి పరిచిన చెక్క, పైన నీడకు నీలం పట్టా. అనంతపురం నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో నన్ను బిడ్డా అని పిలిచిన మొదటి మనిషి ఆమే. హాస్టల్ బట్టలు ఉతికేది కూడా. ఎవరి బట్టలు ఎవరివో కలిసిపోకుండా కాలర్ లోపల జీడిగింజ రసంతో చిన్న గుర్తు పెట్టేది. ఒకరికి చుక్క, ఒకరికి అడ్డగీత, ఒకరికి ఇంటూ. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గుర్తులవి. ఆ లెక్క ఆమెకూ ఆమె కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు.

సిరా మరకలు తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్ళు పిల్లల స్కూలు యూనిఫారాలు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు. మరక కింద పాత గుడ్డ పెట్టి, వెనక వైపు నుంచి శానిటైజర్‌లో ముంచిన దూదితో అద్దేది. సిరా కింది గుడ్డలోకి దిగిపోయేది. శానిటైజర్ పడని బట్టయితే పచ్చిపాలలో నానబెట్టేది. తెల్ల నూలు బట్టయితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో వేసేది. ఎవరైనా తొందరపడి రుద్దితే చెయ్యి మీద ఒక్కటి వేసేది. "మరక మీద కోపం జూపెట్టొద్దు బిడ్డా. రుద్దితే అంగి మొత్తం తిరుగుతది" అనేది. ఇంకో మాట కూడా ఎప్పుడూ అనేది. "తడి మరక మీద పెట్టె పెట్టొద్దు. వేడి తగిల్తే ఇగ అది మనం సచ్చినా పోదు."

ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నాకు మొన్న తెలిసింది.

అప్పట్లో నేనూ నా రూమ్మేటూ ఒకటి కొంటే ఒకటి ఉచితమని ఏదో దుకాణంలో చెరో తెల్లచొక్కా తీసుకున్నాం. ఒకే కంపెనీ, ఒకే సైజు. ఇంటర్వ్యూలకని అట్టేపెట్టుకుని, గంజి పెట్టమని పెద్దమ్మకిచ్చాం. నాది ముందు వచ్చింది, వాడిది ఇంకా ఆమె దగ్గరే ఉంది. నా ఇంటర్వ్యూ రోజు పొద్దున ఏడున్నరకు చొక్కా వేసుకుని, మూత లేని పెన్ను జేబులో పెట్టుకున్నాను. నా అంత తెలివైనవాడు జిల్లాలో లేడు. పది నిమిషాల్లో జేబు కింద రూపాయి బిళ్ళంత నీలం మరక.

బనీనుతోనే సందు మొదటికి పరుగెత్తాను. పెద్దమ్మ చొక్కా అందుకుని చూసి, "గింత దానికి పరేషాన్ ఎందుకు? జర చాయ్ తాగి రా" అంది. అరగంట తర్వాత వెళ్తే మరక లేదు. మల్లెపువ్వులాంటి చొక్కా మడతపెట్టి ఉంది. నేను వంగి కాళ్ళకు దండం పెడితే ఆమె వెనక్కి జరిగింది. మొహమాటం అనుకున్నాను. ఆ ఉద్యోగం వచ్చింది.

రెండు రోజులకు రూమ్మేటు తన చొక్కా కోసం వెళ్ళాడు. మర్నాడు వాడికి ఇంటర్వ్యూ. కనపడతలేదు బిడ్డా అందట పెద్దమ్మ. వాడు రూముకొచ్చి, కొక్కేనికి వేలాడుతున్న నా చొక్కా కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఒకసారి దాని కాలర్ తిప్పు రా. నా వేరే బట్టల మీదుండే గుర్తుతో పోల్చి చూద్దాం" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. "నన్ను దొంగంటావా? ఆ పెద్దమ్మను దొంగంటావా?" అని ఎగిరాను. వాడు అట్లా అనలేదు రా మొర్రో అన్నా వినలేదు. ఆ చొక్కా తొడుక్కుని మరీ వాణ్ణి బండి దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇద్దరు ముగ్గురు బట్టలిస్తూ అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందూ, "పెద్దమ్మా, ఇది ఎవరి చొక్కా? నువ్వు చెప్పు చాలు" అన్నాను.

ఆమె చేతిలో పెట్టె ఆగలేదు. తలెత్తలేదు. "నీదే బిడ్డా" అంది.

వాడు వెనక్కి తిరిగి రూముకెళ్ళిపోయాడు. మర్నాడు గళ్ళచొక్కాతో ఇంటర్వ్యూకి పోయాడు. ఉద్యోగం రాలేదు, చొక్కా వల్లే అని నేననను. నెల తిరక్కుండా రూము ఖాళీ చేసి మియాపూర్ వెళ్ళిపోయాడు. ఇంటర్మీడియట్ నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళం. పదేళ్ళయింది వాడితో మాట్లాడి.

ఆ పదేళ్ళూ నేను ఆ చొక్కాను నెత్తిన పెట్టుకున్నాను. ఉద్యోగం మారిన ప్రతిసారీ అదే. పెళ్ళిచూపులకూ అదే. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మా పెద్దమ్మ అరగంటలో మరక మాయం చేసిన కథ చెప్పేవాణ్ణి. కొండాపూర్‌కి మారాక కూడా ప్రతి ఆదివారం బట్టలు ఆమెకే తీసుకెళ్ళేవాణ్ణి. చాయ్ తెప్పించేది. మా పిల్లవాడు బాగున్నాడా అని అడిగేది. ఒక్కోసారి, "నీతోని ఒక మాట జెప్పాలె బిడ్డా" అనేది. చెప్పమంటే "ఏం లేదు తీ, మళ్ళ జెప్త" అనేది.

పదోరోజు ఆమె మీద గౌరవంతో ఆ చొక్కాయే వేసుకెళ్ళాను. పొట్ట దగ్గర గుండీలు మూలుగుతున్నాయి. భోజనాలయ్యాక ఆమె కూతురికి జేబు చూపించి, "చూడమ్మా, మీ అమ్మ చేతి మహిమ. మరక ఆనవాలు కూడా లేదు" అన్నాను. ఆ పిల్ల జేబు చూడలేదు. వెనక్కి వచ్చి నా కాలర్ తిప్పింది.

"అమ్మ నీకు జెప్పలేదా అన్నా? జెప్పిందనే అనుకున్న నేను."

"ఏం చెప్పాలి?"

"నీది ఉత్త రెండు చుక్కలు. గిది రెండు చుక్కలు, కింద గీత. నీ దోస్తుది."

లోపలికి వెళ్ళి బండి మీద పరిచే దుప్పటి తెచ్చింది. దాని మడతల్లోంచి ఒక తెల్లచొక్కా తీసింది. కాలర్ లోపల రెండు చుక్కలు. జేబు కింద వెలిసిపోయిన ఊదారంగు మరక, అరచేయంత.

ఆరోజు ఆ పిల్ల బడికి వెళ్ళే ముందు బండి పక్కనే ఉందట. పెద్దమ్మ సబ్బుతో రుద్దిందట. ఇంటర్వ్యూకి టైమవుతోందని తడి ఆరడానికి పెట్టె పెట్టిందట. వేడికి మరక పాకి అతుక్కుపోయింది. నేను చాయ్ తాగి వచ్చేసరికి చేతికందిన ఇంకో తెల్లచొక్కా మడతపెట్టి ఇచ్చింది. మరక పోగానే మార్చేద్దామనుకుంది. పోలేదు.

"ప్రతి ఐతారం నువ్వు పోయినంక ఈ అంగి తీసేది. పాలల్ల నానేసింది, నిమ్మకాయ పెట్టింది, పళ్ళపేస్టు రాసింది. కరోనల శానిటైజర్ వచ్చినంక అది పోసింది. మందివన్నీ పోయినయ్, నీదే పోలేదు" అంది.

"మరి ఆరోజు అందరి ముందర నీదే అని ఎందుకంది?"

"భయం అన్నా. అపార్ట్‌మెంటోళ్ళు అప్పుడప్పుడే బట్టలిస్తున్రు. అంగి మార్చిందని తెలిస్తే ఎవరిస్తరు? నువ్వు గంత గట్టిగ మాట్లాడుతుంటే నోరు రాలేదంట."

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. చొక్కా మార్చినందుకు కాదు. చొక్కాదేముంది, అడిగి ఉంటే నేనే దాచిపెట్టేవాణ్ణి. నా నోటితోనే నా స్నేహితుణ్ణి అబద్ధాలకోరును చేయించింది. వాడి చొక్కా నా ఒంటి మీద ఉండగానే. ఆ తర్వాత ఐదొందల ఆదివారాలు నాకు చాయ్ పోసింది. బిడ్డా అన్న నోటికి ఒక్క మాట బరువైందా పెద్దమ్మా? ఊరందరి మరకలూ నా చొక్కా మీద నేర్చుకుని తీశావు, నన్ను మాత్రం వదిలేసి పోయావు.

ఆ కాలర్ ఈ పదేళ్ళలో ఎన్నిసార్లు నా కంటబడి ఉంటుందో కూడా ఆలోచించాను. ఆ ఆలోచన ఎక్కువసేపు చేయలేకపోయాను.

పెద్దమ్మ ఇంటి ముందు నిలబడే, పాత హాస్టల్ వాట్సాప్ గ్రూపులో నంబరు వెతికి వాడికి ఫోన్ చేశాను. "నీ తెల్లచొక్కా నా దగ్గరే ఉంది రా" అన్నాను.

"కాలర్ చూసినావా?" అన్నాడు.

"చూసినా."

"ఇప్పుడా చూసేది?" అన్నాడు. తర్వాత వాడే, "ఇంట్లోనే ఉంటా. రా" అన్నాడు.

వాడి చొక్కా అక్కడే విప్పిచ్చాను. పెద్దమ్మ కూతురు దాన్ని పెట్టె వేడిచేసి ఇస్త్రీ చేసింది. పాత పేపర్లో చుట్టి దారం కట్టింది. నేను నాది వేసుకున్నాను. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మియాపూర్ బండిలో కూర్చున్నాను.

ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ నా జేబు కేసి చూస్తూనే ఉంది. "ఏమండీ, పెన్ను కారినట్టుంది చూసుకోండి" అంది.

పాత మరకండీ అన్నాను.

ఆమె సంచిలోంచి చిన్న శానిటైజర్ సీసా తీసి ముందుకు చాపింది. "దూదితో అద్దండి. రుద్దకండేం. ఇట్టే పోతుంది."

"పోదండీ" అన్నాను. "వేడి తగిలింది."

ఆమె సీసా మళ్ళీ సంచిలో పెట్టుకుంది. మియాపూర్ వచ్చేదాకా నేను ఒళ్ళోని పొట్లం మీద నుంచి చెయ్యి తీయలేదు.