జ్వరం లేని ఇంట్లో రొట్టె

మా ఇంటి పైభాగంలో ఈమధ్యే ఒక కొత్త జంట అద్దెకు దిగింది. తిరువళ్ళూరులో స్టేషనుకు దగ్గరగా ఇల్లు కావాలని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. పొద్దున్నే ఎలక్ట్రిక్ రైలెక్కి మద్రాసుకు పోతారు, దీపాలు పెట్టాక తిరిగొస్తారు. ఆదివారం మాత్రం ఆ అమ్మాయి వంటింట్లోనుంచి బయటికి రాదు. పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే మెట్ల మీదుగా వాసన దిగివచ్చింది. కాలుతున్న రొట్టె వాసన. మోకాళ్ళను తిట్టుకుంటూ పైకెక్కి, తలుపు తట్టి, నోటికొచ్చిన మొదటి మాట అడిగేశాను: "ఎవరికమ్మా జ్వరం?" పాపం, ఆ అమ్మాయి బిత్తరపోయింది. "ఎవరికీ లేదాంటీ, ఎందుకలా అడుగుతున్నారు?" అంటూనే ఒక ముక్కకు వెన్న రాసి చేతిలో పెట్టింది. ఎందుకడిగానో చెప్పడం మొదలుపెట్టాను. కానీ కింద మా ఆయన కాఫీ కోసం కేకలు వేయడంతో సగంలోనే దిగిరావలసి వచ్చింది. ఆ కథ మొత్తం చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

నేను పెరిగిన తిరుత్తణిలో, డెబ్బైల చివరి మాట ఇది, రొట్టె అంటే రోగులు తినేది. బేకరీ రొట్టె సంగతే చెబుతున్నాను. బ్రెడ్డు అనే మాట మా వీధిలోకి ఇంకా రాలేదు. బస్టాండు దగ్గర అద్దాల బీరువా ఉన్న అంగడి ఒకటుండేది. మైనపు కాగితం చుట్టిన రొట్టెను ఎవరైనా చంకలో పెట్టుకుని వస్తుంటే, ఇల్లు చేరేలోపల పదిమంది ఆపి, ఎవరికి, ఎన్ని రోజులుగా, సూది వేయించారా అని అడిగేవాళ్ళు. కొందరు వెంట నడిచివచ్చి రోగిని చూసి, తమకు తెలిసిన కషాయం చెప్పి మరీ పోయేవాళ్ళు. ఒంట్లో బాగున్న మనిషి రొట్టె కొనుక్కుని తింటే అది మందుల షాపులో మాత్రలు కొనుక్కుని పొద్దుపోక మింగినంత వింత. మా పిల్లల బాధ వేరు. జ్వరం వచ్చి నోరు చేదెక్కినప్పుడు పాలలో ముంచిన రొట్టె పెడతారు, అప్పుడు రుచి తెలియదు. నోరు బాగుపడి రుచి తెలిసే రోజుకు రొట్టె ఆపేసి చారన్నం పెడతారు. దేవుడి లెక్కలో ఎక్కడో తప్పుందని నాకు అప్పుడే అనుమానం.

మాది నేతగాళ్ళ ఇల్లు. ముందు గదిలో నాయన మగ్గం, మూలన మా అత్త రాట్నం. అత్త అంటే నాయన చెల్లెలు. నూలు కండెలు చుడుతూ, మధ్యమధ్య వాళ్ళమ్మతో, అంటే మా అవ్వతో, వాదులాడుతూ ఉండేది. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు. మా అవ్వ మాటలు పచ్చి మిరపకాయలు, అత్తవి ఎండు మిరపకాయలు. మా ఇంటికి ఎదురుగా మింజూరు నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవుల కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ వీధి మొత్తానికీ ఎదురింటక్క, వయసుతో పనిలేదు. వాళ్ళాయన మద్రాసులో ఒక బేకరీలో పనిచేసి, వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. వస్తూ చిన్న కాగితం పొట్లంలో ఈస్టు తెచ్చేవాడు. అక్క దాన్ని గోరువెచ్చటి చక్కెర నీళ్ళలో వేస్తే కాసేపటికి నురగ పొంగేది. అది మొదటిసారి చూసిన రోజు మా అత్త చుట్టాల్సిన కండెలు చుట్టకుండా అక్కడే కూర్చుండిపోయింది. "ఇది ఊపిరి పీలుస్తాంది చూడుమే" అని నన్ను పిలిచి చూపించింది. ఆ రోజే ఆమెకు రొట్టె పిచ్చి పట్టుకుంది, అక్క దగ్గరే నేర్చుకుంది.

పొయ్యి అత్త స్వయంగా తయారుచేసుకుంది. పాత కిరసనాయిలు డబ్బాకు ఒక పక్క కోసి, అడుగున ఇసుక పోసి, కుంపటి మీద పెట్టేది. పైన ఇనప రేకు, రేకు మీద టెంకాయ చిప్పల నిప్పులు. ఆ చిప్పలు ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చే పని నాది. అచ్చుకు పాలపొడి డబ్బా, కాబట్టి మా రొట్టె గుండ్రంగా ఉండేది. మగ్గం మీది పడుగు నూలుకు గంజి పెట్టే చెయ్యి కదా, మైదా ఎంత నీటికి ఎంత సాగుతుందో అత్తకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా మొదటి రొట్టె రాయిలా వచ్చింది. అవ్వ దాన్ని నేలమీద కొట్టి చప్పుడు విని, "తలుపుకు అడ్డం పెట్టుకుందాం, గాలికి కొట్టుకోకుండా ఉంటాది" అంది. నాయన మాత్రం కాఫీలో నానబెట్టి, నానబెట్టి, "బాగుండాది పాపా" అంటూ మొత్తం తిన్నాడు. అత్త అప్పుడు ఏడ్చింది, అవ్వ వెక్కిరించినందుకు కాదు, నాయన అంత తేలిగ్గా అబద్ధం చెప్పినందుకు. తరువాత తరువాత చెయ్యి కుదిరింది. రేకు తీయగానే వచ్చే ఆ వాసనకు మగ్గం ఆగేది, వీధిలో ఆడుకునే పిల్లలు గుమ్మంలో చేరేవాళ్ళు. అత్త స్నేహితురాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఒకసారి లోపల టెంకాయ తురుము, బెల్లం పెట్టి కాల్చింది. ఆ రోజు నాయన తన ముక్క అమ్మకిచ్చి, అమ్మ చూడనప్పుడు మళ్ళీ అందులో సగం తీసుకున్నాడు. మా ఇంట్లో అంత సంతోషం నాకు పండగల్లో కూడా గుర్తులేదు.

అవ్వ ఒక్కతే ముట్టేది కాదు. "గుడ్డు ఎయ్యలేదు కదా?" అని ప్రతిసారీ అడిగేది, లేదంటే మొహం తిప్పుకునేది. ఆమెకు ఉన్న బాధ గుడ్డుతో కాదని అమ్మ నాకు తరువాత చెప్పింది. మా తాత రొమ్ము జబ్బుతో, అదే క్షయతో, మంచం పట్టి, చివరి రోజుల్లో రొట్టె తప్ప ఏదీ మింగలేకపోయాడు. అవ్వే ముక్కలు చేసి నోట్లో పెట్టింది. ఆఖరి ముక్క మింగలేదట.

ఇక అసలు సంగతికి వస్తాను. నేతగాళ్ళకు సెలవు అమావాస్య. ఆ రోజు మగ్గం ముట్టుకోరు, కాబట్టి అత్తకు తీరిక దొరికేది ఆ రోజే. అమావాస్య వచ్చిందంటే మా ఇంట్లో రొట్టె కాలవలసిందే. ఇందులో ఎవరికైనా తప్పు కనబడుతుందా? మా వీధికి కనబడింది. జ్వరం మనిషి తినే రొట్టె, అది కూడా సరిగ్గా అమావాస్యకు అమావాస్యకు! మూర్ఛో పిచ్చో, అమావాస్యకు తిరగబెట్టే జబ్బులేమిటో మీకు తెలుసు, మా వీధికి ఇంకా బాగా తెలుసు. సరిగ్గా అప్పుడే పొదటూరుపేట నుంచి అత్తకు సంబంధం వచ్చింది. వాళ్ళూ నేతగాళ్ళే. అబ్బాయి వచ్చి చూసి పోయాడు, అంతా కుదిరినట్టే ఉంది. ఆ తరువాత వాళ్ళ దగ్గరనుంచి మాటా పలుకూ లేదు. చివరికి సంబంధం తెచ్చిన చిన్నతాత, అవ్వకు తమ్ముడి వరస, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "అమావాస్యకు పిల్లకు ఏమో వస్తాదంట గదక్కా. నిప్పు లేనిదే పొగ రాదంటాండారు."

నిప్పు నిజంగానే ఉంది, కుంపట్లో. ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? కుండకైతే మూకుడు వేయవచ్చు, లోకం నోటికి ఏ మూకుడు వేస్తాం? అవ్వ ఆ సాయంత్రమే డబ్బాను పెరట్లో బోర్లించి, "పెండ్లయ్యేదాకా ఈ ఇంట్లో రొట్టె మాట వినబడకూడదు" అంది. అత్త ఎదురు చెప్పలేదు. ఎప్పుడూ తగ్గని మనిషి తగ్గేసరికి నాకు భయం వేసింది. ఆ తరువాతి అమావాస్య మా ఇంట్లో చప్పుడూ లేదు, వాసనా లేదు.

దాని తరువాతిది తమిళ ఆడి నెల అమావాస్య, పోయిన పెద్దలకు ఆకు వేసి వడ్డించే రోజు. పెళ్ళిళ్ళు పెట్టుకోని నెల అది. సరిగ్గా దానికి ముందే ఎదురింటక్క మంచం పట్టింది. విషజ్వరం. అన్నం ముట్టకూడదు, రొట్టె, పాలు తప్ప ఏదీ పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. వాళ్ళాయన మద్రాసులో ఉన్నాడు, బస్టాండు అంగడిలో రొట్టె అయిపోయింది. అవ్వ పొద్దున తాతకు ఆకు వేసి, కాకికి పెట్టి, వచ్చి కూర్చుంది. అత్త పెరట్లోకి పోయి డబ్బా తీసింది.

"ఏం చేస్తాండావు?" అంది అవ్వ.

"అక్కకు రొట్టె."

"ఈ పొద్దా? అమావాస్య పొద్దు! వాళ్ళ చెవిన పడితే ఇంక ఈ సంబంధం మనది కాదుమే."

అత్త అప్పుడు అన్న మాటలు నాకు నిన్న విన్నట్టున్నాయి. "పెండ్లి కాకపోయినా నాకేం బాధ లేదని చెప్పనమ్మా. నాకు చేసుకోవాలనే ఉండాది. ఆయప్ప నాకు నచ్చినాడు. కానీ నాకు నేర్పిన మనిషి ఆడ ఆకలితో పండుకొని ఉంటే, ఈడ చేతులు ముడుచుకొని కూర్చోలేను." పెళ్ళికాని పిల్ల ఒక మగవాడు నచ్చాడని తల్లి ముందు, అన్న ముందు చెప్పడం మా ఇంట్లో అదే మొదలు. నాయన లేచి కుంపట్లో బొగ్గులు పోశాడు. అవ్వ గోడవైపు తిరిగింది.

రొట్టె సగం కాలింది. వీధంతా వాసన. అప్పుడు చిన్నతాత గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు, ఆయన వెనకే పొదటూరుపేట అబ్బాయి తల్లి. కావాలనే అమావాస్య చూసుకుని వచ్చింది. వాళ్ళింట్లో పెద్దలకు ఆకు వేసి, మధ్యాహ్నం బస్సెక్కి, పిల్లకు ఏం వస్తుందో కళ్ళారా చూడడానికి వచ్చింది. కూర్చోకుండానే గాలి పీల్చి అడిగింది.

"ఎవురికమ్మా జొరం?"

చేత పట్టకారుతో, మొహమంతా చెమటా మసీతో అత్త బయటికొచ్చింది. అంతకన్నా అందవికారంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. "ఎదురింటక్కకు" అంది. అబ్బాయి తల్లి ఇంకేమీ అడగకుండా వీధి దాటి ఎదురింట్లోకి పోయింది. మేమంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. అక్క నొసటి మీద చెయ్యి పెట్టింది, పిల్లల తలలు నిమిరింది, మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"సరి. ఆయమ్మకు జొరం నిజమే. మరి ముందు అమావాస్యలకంతా ఎవురికి?"

"ఎవురికీ లేదు" అంది అత్త. "మగ్గం లేని దినం గదా. చుమ్మా, ఉత్తికే చేసుకొని తిన్నాము."

"ఉత్తికేనా?"

"ఉత్తికే. బాగుంటాదని."

ఆమె అత్తను ఎగాదిగా చూసింది. చూసి, ముందు పెదవులతో, తరువాత భుజాలతో, చివరికి ఒళ్ళంతా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "జొరం లేకుండా రొట్టె తినే కొంప ఇప్పుడే చూస్తాండా. ఏదీ, ఒక ముక్క పెట్టు" అంది. మొదట అక్క భాగం ఎదురింటికి పోయింది. తరువాత ఆమె ఒక ముక్క తిని, అడిగి రెండోది తిని, మూడోది అరిటాకులో చుట్టుకుంది. "ఇది మా వానికి. వానికీ జొరమేం లేదు" అంటూ లేచి, మెట్టు దిగుతూ అవ్వతో అంది: "ఆడి పోనీ వదినా. వచ్చే నెల ఆవణిలో ముహూర్తం చూద్దాము." అత్త పట్టకారు పట్టుకుని అలాగే నిలబడింది. నాయన చెప్పేదాకా రేకు మీద నిప్పులు తీయాలని ఆమెకు గుర్తే రాలేదు.

వాళ్ళు పోయాక ఇల్లు సద్దుమణిగింది. డబ్బాలో చివరి ముక్క మిగిలింది. దాని కోసం చెయ్యి చాచబోయి ఆగిపోయాను, ఎందుకంటే అవ్వ లేచి వచ్చింది. ఎవరినీ చూడకుండా ఆ ముక్క తీసుకుంది. రెండు చేతుల్లో పెట్టుకుని కాసేపు ఉంచుకుంది. తరువాత కొస తుంచి నోట్లో వేసుకుని, ఉన్న పళ్ళతోనే నెమ్మదిగా నమిలింది. అత్త భయంగా చూస్తోంది.

"మీ నాయనకు పెట్టింది సల్లగా ఉండె" అంది అవ్వ. "అంగడిది. ఎప్పుడు కాల్చినారో ఏమో. రొట్టె ఇట్ల వెచ్చగా కూడా ఉంటాదని నాకు తెలీదుమే." అని, మొత్తం తినేసింది.

కాలమే అన్నిటికీ మందంటారు. మా అవ్వ విషయంలో ఆ కాలం ఎన్నో ఏళ్ళు ఏ పనీ చేయకుండా మా ఇంట్లో ఊరికే కూర్చుంది. చేయవలసిందంతా ఒక రొట్టె చల్లారేలోపల చేసేసింది.