పేరు రాయని పోస్టల్ ఆర్డర్

బాపు నాలుగు గంటలకు పోయాడని చెప్పింది నేనే. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. బాపు వాళ్లన్న, మా పెద్దబాపు, పంచాంగం తిరగేస్తూ అడిగాడు.

"ఎన్ని గంటలకురా? సప్తమి నాలుగున్నర దాక ఉన్నది. ఆ తర్వాత అష్టమి."

గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ నా వైపే చూస్తోంది.

"నాలుగింటికి. నా చేతిల నీళ్లు తాగిండు, పోయిండు" అన్నాను.

అందులో ఒక్క ముక్కా నేను చూసింది కాదు. మూడు రోజులుగా ఆసుపత్రి వార్డులో బాపు పక్కన ఉండి ఉండి విసుగెత్తింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ విసుగే. ఆ మధ్యాహ్నం మూడున్నరకు బాపు కళ్లు మూసుకుని ఉంటే, పడుకున్నాడు కదా అని అఫ్జల్‌గంజ్ దిక్కు నడిచి ఒక హోటల్లో కూర్చున్నాను. టీవీలో మ్యాచ్ వస్తోంది. ఒక చాయ్ తాగాను. లేవబోతుంటే వికెట్ పడింది. "భాయ్, ఔర్ ఏక్" అని ఇంకో చాయ్ చెప్పాను. ఐదు దాటాక తిరిగి వెళ్లేసరికి దుప్పటి ముఖం మీదికి కప్పేసి ఉంది. నర్సులు డ్యూటీ మారారు, కొత్తావిడకు ఏమీ తెలియదు. నా చేతికిచ్చిన కాగితం మీద తేదీ ఉంది కానీ గంట లేదు.

ఇంకొకరి ఇంట్లో అయితే గంట అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. మాది పూజారుల కొంప. మనిషి ప్రాణం పోయిన వేళకు ఏ తిథి నడుస్తుంటే ఏటా ఆ తిథికే తద్దినం పెట్టాలి. బాపు జీవితమంతా గుడిలో అర్చన చేశాడు, బస్తీలో సగం ఇళ్లకు తిథులు చూసి చెప్పాడు. ఎవరైనా "సాయంత్రం అనుకుంట అయ్యగారూ" అని నసిగితే మండిపడేవాడు. "అనుకునుడేంది? తిథి తప్పినంక నువ్వు పెట్టింది ఎవరికి ముడుతదయ్యా?" అని గదిమేవాడు. అట్లాంటి మనిషి తిథిని నేను నోటికొచ్చినట్టు చెప్పాను.

నెలనెలా సప్తమికే మాసికం పెడుతూ వచ్చాను. పీట మీద కూర్చున్న ప్రతిసారీ బాపు గదిమిన ఆ మాటే గుర్తొచ్చేది.

తొమ్మిదో నెలలో ఇక ఆగలేక, జల్‌పల్లి నుంచి రోజూ వచ్చే మా ఆఫీసు మిత్రుడికి సగం నిజం, బాపు పోయిన గంట తెలియదని మాత్రం, చెప్పాను. "ఫికర్ ఎందుకన్నా? సమాచార హక్కు కింద దవాఖానోళ్లను కేసు షీటు అడుగు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ వెట్టి పంపు, గంట ఏందో అండ్లనే రాసుంటది" అన్నాడు. ఇంట్లో తెలియకుండా దరఖాస్తు రాశాను. పోస్టల్ ఆర్డర్ కొని జతచేశాను. డబ్బు ఎవరికి చెల్లించాలో రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలేశాను. మా గుడిలో అర్చన చీటీ మీద గోత్రం తెలియని వాళ్లు ఖాళీ వదిలేస్తే బాపే ఏదో ఒకటి నింపుకునేవాడు. ఆఫీసుల్లో కూడా అట్లాగే నింపుకుంటారనుకున్నాను. నా తెలివి అంతవరకే.

రెండు నెలలకు కవరు అట్లాగే తిరిగొచ్చింది. పోస్టల్ ఆర్డర్ మీద పేరు లేదు, ఫలానా అధికారి పేరిట నింపి మళ్లీ పంపమని ఒక కాగితం. సంవత్సరీకానికి ఇంకా పది రోజులే ఉన్నాయి.

అది పట్టుకుని సైదాబాద్‌లో పోస్టాఫీసుకు పోయాను. మళ్లీ పంపడానికి వచ్చానో, డబ్బుగా మార్చుకోవడానికి వచ్చానో కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు కూడా నాకు తెలియదు. కౌంటర్లో ఉన్నావిడ ఆర్డర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అడ్డంగ రెండు గీతలు కొట్టలేదు, నయమే సార్. కొట్టుంటే బ్యాంకుల ఏసుకోవాల్సొస్తుండె. గడువు గూడ మస్తుగున్నది, రెండేండ్లు నడుస్తది."

"ఇప్పుడేం చెయ్యాలె మేడం?"

"పైసలు కావాలంటే ఈడ మీ పేరు రాయుండ్రి, కింద సంతకం వెట్టుండ్రి, ఆధార్ చూపియ్యుండ్రి. ఇచ్చేస్త. లేదంటే ఆ ఆఫీసర్‌ది రాసి మళ్ల పంపుకోండ్రి. ఒక్కసారి రాసినంక కొట్టేస్తె చెల్లది, చూసుకోని రాయుండ్రి."

పక్కనున్న బల్ల మీద పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. జవాబు పది రోజుల్లో రాదు, అది నిజమే. అయినా ఆలస్యంగానైనా వస్తే వచ్చే ఏటి నుంచి సరిచేసుకోవచ్చు, అదీ నిజమే. నా భయం గంట గురించి కాదు. ఆ కేసు షీటులో ఐదు గంటలని ఉంటే అమ్మకు చెప్పాలి. "నీళ్లడిగాడు, పక్కన ఎవరూ లేరు" అని రాసి ఉంటే? "నా కొడుకు చేతిలో పోయాడు" అన్న ఒక్క మాట పట్టుకునే అమ్మ ఏడాదిగా నిలబడింది. అమ్మ కోసమే అనుకున్నాను. అబద్ధం. నా కోసమే.

ఖాళీ గీత మీద నా పేరు రాశాను. ఆమె ఆధార్ చూసి, ముద్ర కొట్టి, నలిగిన పది రూపాయల నోటు ఇచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

సంవత్సరీకం సప్తమి నాడే జరిగింది. దర్భ పవిత్రం నా వేలికి తొడుగుతూ పెద్దబాపు అడిగాడు.

"నాలుగింటికే కదరా?"

నేను నోరు తెరిచేలోపు వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది.

"నాలుగింటికే. వీడు పక్కనే ఉన్నడు. వీడి చేతిలనే నీళ్లు తాగిండు."

తలూపాను. పెద్దబాపు నా దోసిట్లో నీళ్లు పోసి, బాపు పేరు చెప్పి వదలమన్నాడు. వదిలాను. ఆ నీళ్లు బాపుకు ముట్టాయో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి కొన్న ఆ ఆర్డర్ మీద నా పేరు నేనే రాసుకున్నాను.