వెనక నాలుగు బెంచీలు

సోమవారం మూడో పీరియడ్‌లో ఉండగా మా పాత బడి అటెండరు ఫోన్ చేశాడు. "అమ్మా, సోసల్ మేస్టారు పోనారమ్మా. నిద్దట్లోనే. మజ్జేనం దాటితే ఉంచరంట, బేగి రండి" అన్నాడు. బోర్డు మీద అప్పుడే 'కంపెనీ పాలన' అని రాశాను. పిల్లల్ని పక్క టీచరుకి అప్పజెప్పి, కె. కోటపాడులో అనకాపల్లి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో మీకు తెలియాలంటే ముందు ఆయన బెంచీల ఆట గురించి చెప్పాలి.

ఎనిమిదో తరగతికి ఆయన చరిత్ర పాఠం పుస్తకం తెరిచి చెప్పేవారు కాదు. గదిలో ఉన్న ఇరవై బెంచీలే దేశం, మేమే రాజులం. ఒకడు మైసూరు, ఒకడు మరాఠా, ఒకడు బెంగాలు నవాబు. నేను నిజాముని. ఆయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని మొగలు పాదుషా అయిపోయేవారు. ఇంగ్లండు రాజు పంపిన రాయబారినంటూ ఓ పిల్లాడు వచ్చి వంగితే, "ఏటి తెచ్చేవు బాబూ బహుమానం? ఇదేనేటి?" అని పెదవి విరిచేవారు. ఆనక దయతలిచి, సరుకు పెట్టుకోడానికి గుమ్మం దగ్గర గోనెపట్టా పరుచుకోమనేవారు. ఆ పట్టా మీద కూచున్నవాడే కంపెనీ.

ఆ వేషం ఎప్పుడూ క్లాసులో నెమ్మదస్తుడికే దక్కేది. అల్లరి పిల్లలు మాకిమ్మని గోల చేస్తే, "కంపెనీవోడు అరవడ్రా. నమస్కారం ఎట్టుకుంటూ వత్తాడు" అనేవారు. వాడి జేబులో తనే ఇంటి నుంచి తెచ్చిన బెల్లం ముక్కలు పోసేవారు. ఆటకి ఒకటే రూలు: ఏ ఇద్దరు రాజులైనా చేతులు పట్టుకుని 'ఇవ్వం' అంటే కంపెనీ పట్టా చుట్టుకుని పోవాలి. ఆ మాట మొదటి రోజే, అందరికీ వినపడేలా, రెండుసార్లు చెప్పేవారు. బెంచీ పోయినవాళ్లు పాఠం పూర్తయ్యేదాకా గోడవారన నిలబడాలి.

మైసూరు కుర్రాడు రోజూ నా జడ లాగేవాడు. కంపెనీ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "వెనక నాలుగు బెంచీలు నాకిచ్చెయ్. వాడొస్తే నీ పక్కన నిలబడతాను" అన్నాడు. ఓ బెల్లం ముక్క కూడా చేతిలో పెట్టాడు. ఇచ్చేశాను. కాగితం మీద సంతకం కూడా చేశాను.

"నిజామమ్మా, ఆ బెంచీల మీద కూకున్నోలని అడిగేవా?" అన్నారు మాస్టారు.

"లేదండి."

"ఉత్తర సర్కారులంటే అయ్యేనమ్మా. మన అనకాపల్లి కూడా అందులోదే. నిజాము మన ఊరు సూడనేదు, మనల్ని అడగనేదు. ఇచ్చేసేడు."

వెనక బెంచీల పిల్లలు లేచారు. చెరుకు కోతకెళ్లే వాళ్ల పిల్లలు, పూడిమడక నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే వాళ్ల పిల్లలు. నా వంక ఓసారి చూసి వెళ్లి గోడకి ఆనుకున్నారు. బెల్లం ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. వారం తిరక్కుండా నా మిగతా బెంచీలూ పోయి, నేనూ వాళ్ల పక్కనే నిలబడ్డాను. అప్పట్నుంచి ఆయన నోట నా పేరు నిజామమ్మే.

పదో తరగతి అవగానే మా నాన్న నా చదువు మాన్పిస్తానంటే, ఆయన మా ఇంటికొచ్చి గడపలోనే నిలబడ్డారు. "మంచినీళ్లు కూడా తాగను, పిల్లని కాలేజీలో ఏత్తానంటేనే కూకుంటాను" అన్నారు. మా నాన్న గంటసేపు గింజుకుని ఒప్పుకున్నాడు. నేను టీచర్నయ్యానంటే, అదే బడిలో ఆయన పక్కన కూచుని కారేజీ విప్పుకున్నానంటే, ఆయన చలవే. కూరలో ఉప్పు తక్కువైతే నా వైపు నెట్టి, "నిజాముగోరి ఖజానాలో ఉందేమో సూడండి" అనేవారు.

రిటైరైన రోజున శాలువా కప్పితే మైకు పట్టుకుని ఒక్కటే మాట అన్నారు. "ముప్పయ్యేళ్లు ఆడించేను. ఒక్క కలాసులోనైనా 'ఇవ్వం' అంటారేమోనని సూసేను. ఎవలూ అన్నేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాది ప్రభుత్వం జీతాలిచ్చే ప్రైవేటు బడి. నాలుగేళ్లు తిరిగేసరికి యాజమాన్యం దాన్ని మూసేసి ఆ స్థలం దుకాణాలకిద్దామనుకుంది. అందుకు టీచర్ల ఒప్పుకోలు కావాలి. ఇద్దరు కాదన్నా పని ఆగిపోతుంది. మాస్టారు గొడుగు ఊపుకుంటూ స్టాఫ్ రూముకొచ్చారు. మేం తొమ్మిదిమందిమి.

"పిలిస్తే అందరూ కలిసెల్లండి. ఒక్కొక్కలూ ఎల్లకండి. బెల్లం ఊరోలం, ఈగలెందుకు వత్తాయో మనకొకలు సెప్పాలేటి?"

సరేనన్నాం. గట్టిగానే అన్నాం.

మర్నాటి నుంచి ఒక్కొక్కరినే పిలిచారు. యాజమాన్యం తరఫున ఆఫీసులో కూచున్నాయన ఎంత మర్యాదస్తుడో! లేచి నమస్కారం పెట్టాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. మంచం పట్టిన మా అత్తగారి సంగతి, అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మా ఆయన సంగతి అన్నీ ముందే కనుక్కున్నాడు. సంతకం పెడితే మా ఇల్లున్న కె. కోటపాడులోనే ప్రభుత్వ బళ్లో పోస్టింగన్నాడు. ఎదురుగా ఉన్నదెవరో నాకు తెలుసు. గోనెపట్టా ఒక్కటే తక్కువ. తెలిసే సంతకం పెట్టాను. నాకు ముందు నలుగురు పెట్టారు, నా తర్వాత నలుగురు పెట్టారు. ఎవరికి వారే యమునా తీరే.

బయటికొస్తే గేటు దగ్గర ఆయన. తిడతారనుకున్నాను. "ఎనకాల బెంచీలోలని అడిగేవామ్మా?" అన్నారంతే. గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

బడి మూతపడ్డాక ఆ వెనక బెంచీల పిల్లల్లో కొందరు వేరే బళ్లలో చేరారు. కొందరు ఎక్కడా చేరలేదు. చేపలమ్మే ఆవిడ కూతురు ఒకతి మ్యాపులు ఎంత బాగా గీసేదో. ఇప్పుడు పొద్దున్నే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడుతోంది. అనకాపల్లి వెళ్లినప్పుడు నేను కనిపిస్తే ఇంకా 'గుడ్ మార్నింగ్ టీచర్' అంటుంది. నేను తల దించుకుని వెళ్లిపోతాను.

ఆర్నెల్ల కిందట ఆయన మంచంలో ఉన్నారని విని చూడబోయాను. బడి సామాను లారీకెక్కించిన రోజున ఆయన అడిగి తెచ్చుకున్న బెంచీ ఒకటి వరండాలో ఉంది. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగింది.

"నిజామమ్మా, అక్కడ ఆట ఆడిత్తన్నావా?"

"ఆడిస్తున్నానండి" అన్నాను. అబద్ధం. ఒక్కసారి కూడా ఆడించలేదు. నాకా మొహం లేదు.

"ఎవలైనా అన్నారా?"

ఆ కళ్లు చూశాక ఆగలేకపోయాను. "అన్నారండి. ఈ ఏడు ఇద్దరు చేతులు పట్టుకున్నారు. ఇవ్వం అన్నారు."

ఆయన మోచేతి మీద లేవబోయారు. "ఏ రాజులమ్మా? పేర్లేటి ఆల్లయి?"

రోజూ హాజరు పిలిచేదాన్ని, ఒక్క పిల్లాడి పేరూ నోటికి రాలేదు. ఆయన మళ్లీ తలగడ మీదకి ఒరిగి, "పోనీలేమ్మా" అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. నాతో ఆయన మాట్లాడింది అదే ఆఖరు.

సోమవారం నేను వెళ్లేసరికి వరండా నిండా ఆయన శిష్యులే. మైసూరుకి బట్టతల వచ్చింది. కాలు విరిగిన మరాఠా కర్ర పట్టుకుని వచ్చాడు. మా కంపెనీ కుర్రాడు కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. సంతకాలు పెట్టిన తొమ్మిదిమందిలో ఏడుగురం ఉన్నాం. ఎండ చంపేస్తోంది. మధ్యలో ఆ బడి బెంచీ ఖాళీగా ఉంది. మాస్టారి భార్య తలుపు దగ్గర నుంచి, "ఎంతసేపని నిలబడతారు, కూకోండి బాబూ" అని రెండుసార్లు అన్నారు. ఎవరమూ కదల్లేదు. పాడె లేచేదాకా అందరం గోడవారన వరసగా నిలబడే ఉన్నాం.