మందు ఉంగరానికి నేను కట్టిన ధర

“రేపటి నుంచి తక్కెడ కాడ నువ్వే కూసో” అన్నాడు మా ఆయన, దవాఖాన మంచం మీద నుంచి. “నాకు సదువు రాదు గద” అన్నాను. “తూకానికి సదువెందుకే” అన్నాడు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. దినాలు కాగానే రాంగోపాల్‌పేట్‌లోని ఇత్తడి సామాన్ల కొట్టుకు వెళ్లి, ఆయన కూర్చున్న చోట కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు అక్కడే చేశాను. ఆర్డరు మీద చేయించే వస్తువులకు ధర కట్టడం నా పని. లోహం తూకం ఒకటి, చేసినవాడి మజూరీ ఒకటి, కరిగించేటప్పుడు పోయే తరుగు ఒకటి. మూడూ కలిపితే ధర. రాయడం రాదు కాబట్టి సుద్దముక్కతో గీతలు గీసుకునేదాన్ని. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు స్వప్న.

చెప్పబోయేది ఆ కొట్టు సంగతి కాదు. లాక్‌డౌన్ పోయిన మరుసటి ఏడు, అదే కొట్టు పై అంతస్తులో దొరికిన రెండో ఉద్యోగం సంగతి. శ్రీధర్ సారు అని, వారమంతా కంప్యూటర్ పని చేసుకుని ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఒక ఆట నడిపేవాడు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. సారు కథ చెబుతుంటాడు. ఒకడు కత్తివీరుడు, ఒకడు దొంగ, ఒకామె గాయాలు మాన్పే వైద్యురాలు, ఇట్లా ఒక్కొక్కరిది ఒక్కో వేషం. ఏం చేస్తారో వాళ్లే చెప్పాలి. అది నెగ్గిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథలో గెలిచిన బంగారు కాసులతో మంత్రం పెట్టిన కత్తులు, కడియాలు కొనుక్కుంటారు. కాసులు ఉత్తవే, కాగితం మీద అంకెలు. బేరం మాత్రం నిజం. సారు ధర చెబితే ఆయనతో కొట్లాటకు దిగేవారు. కింద గిరాకీలతో నేను మాట్లాడే తీరు చూసి, ఆటలో అంగడి నడిపే పని నాకు అప్పగించాడు. అందరూ నన్ను అంగడమ్మ అనేవారు.

మామూలు మంత్రపు వస్తువుకు ధర ఆట పుస్తకంలోనే ఉంటుంది. మనసుకు తోచినట్టు కొత్తగా చేయించుకునే వస్తువుకే చిక్కు. దానికి సారు పుస్తకం తిప్పి మూడు సంగతులు చెప్పేవాడు. మంత్రం ఎంత పెద్దది, రోజుకు ఎన్నిసార్లు పనిచేయాలి, ఒంటి మీద ఎక్కడ పెట్టుకుంటారు. మంత్రాన్ని లోహం తూకంలాగా చూసుకుని, మిగతా రెండింటినీ మజూరీ కింద కలిపేదాన్ని. పుస్తకం ఒక దారి చూపుతుందంతే, ఆఖరి మాట అంగడిదే అని సారు మొదటి రోజే చెప్పాడు.

కత్తివీరుడి వేషం ప్రకాశ్‌ది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చేవాడు, బండ్ల విడిభాగాల దుకాణంలో పని, బేరంలో గట్టివాడు. ఒక ఆదివారం తనకు ఉంగరం కావాలన్నాడు. అది పెట్టుకుని ఎవరిని తాకితే వాళ్ల గాయం మానాలి. మంత్రం అన్నింటికంటే చిన్నది, గీరుకున్న చర్మం మానేంత. రోజుకు ఎన్నిసార్లు అని అడిగాను.

“గా లెక్కలెందుకమ్మా, ఎన్నిసార్లైనా” అన్నాడు.

సారు నా వైపు చూశాడు. ఆ చూపును నేను పట్టించుకోవలసింది. కానీ నాది సామాన్ల కొట్టు బుద్ధి. గరిటె అమ్మినవాళ్లం, కొన్నవాళ్లు దాన్ని రోజుకు ఎన్నిసార్లు పప్పులో ముంచుతారో మేమెందుకు లెక్కపెడతాం? చిన్న మంత్రం, చిన్న ధర అని చెప్పేశాను. ప్రకాశ్ బేరం కూడా ఆడలేదు. అంత గట్టివాడు మారుమాట లేకుండా తీసుకుంటే, అక్కడ ఏదో ఉందని అప్పుడే తెలియాలి నాకు.

వైద్యురాలి వేషం సువార్తది. గుంటూరు వైపు అమ్మాయి. తిరుమలగిరిలో ఒక బడి ఆఫీసులో పని. బయట ఆమె నోట నాలుగు మాటలు రావడం కష్టం. బల్ల దగ్గర మాత్రం, ఎవరైనా దెబ్బ తిని పడితే అందరూ ఆమె వైపే తిరిగేవారు. చెయ్యి ఎట్లా పెట్టిందో, ఏ ఆకు నూరిందో ఆమె చెబుతుంటే పాచిక పట్టుకున్నవాడు కూడా ఆగి వినేవాడు. ఒకసారి మెట్ల మీద నాతో, ఈ ఆదివారం కోసమే వారమంతా గడుపుతానండి అంది.

ఉంగరం వచ్చాక ప్రతి పోరు అయిపోగానే ప్రకాశ్ అందరినీ పదేసి సార్లు తాకేవాడు. చిన్న మంత్రమే, కానీ పదిసార్లయితే పెద్ద గాయమూ మానుతుంది. ఇక సువార్తను పిలిచే అవసరం ఎవరికీ లేకపోయింది. ఒకసారి ఆమె తానే, నేను చూస్తానండి అని ముందుకు వంగింది. “నువ్వు జెర రెస్ట్ తీస్కో అక్కా, ఉంగరం ఉండంగ నీకెందుకు తక్లీఫ్” అన్నాడు ప్రకాశ్. మంచికే అన్నాడు. ఆమె పాచికలను రంగుల వారీగా పేర్చుతూ కూర్చుంది. మూడో ఆదివారం రాలేదు. సారు ఫోన్ చేస్తే, అక్కడ నా పనేం లేదు కదండీ అందట. అలిగినట్టు కూడా అనలేదట.

సారు ఒక ఉపాయం చెప్పాడు. వచ్చే వారం కథలో నది దాటేటప్పుడు ఉంగరం నీళ్లలో జారిపోయిందని చెబుతాను, ఎవరికీ అనుమానం రాదు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అమ్మిన వస్తువును దొడ్డిదారిన లాక్కునే అంగడికి మళ్లీ మనిషి రాడు. తప్పు చేసింది నేను, నది కాదు. మా కొట్టులో దీనికి ఒక పద్ధతి ఉంది. ధర కట్టడంలో తప్పు మాదైతే మార్పిడి అడుగుతాం. పాత వస్తువును గిరాకీ తన చేత్తో తెచ్చి ఇవ్వాలి. కొత్తదానికి మజూరీ తీసుకోము. గిరాకీ ఇవ్వనంటే బలవంతం లేదు, నష్టం మాదే.

ఆ మాటే ప్రకాశ్‌తో అందరి ముందూ చెప్పాను.

“అమ్మినంక మళ్ల అడుగుడు ఏం దందా అంగడమ్మా?” అన్నాడు.

“మంచి దందా కాదు బిడ్డా. అందుకే గుంజుకుంటలేను, అడుగుతున్న.”

కొత్త ఉంగరం ఎట్లాంటిదో చెప్పాను. అది ఖాళీ చెంబు లాంటిది. అందులో పెద్ద మంత్రం పడుతుంది, పడిపోయిన మనిషిని లేపేంత. కానీ ఒకసారి వాడగానే ఖాళీ అవుతుంది, వైద్యం తెలిసిన చెయ్యి దాన్ని మళ్లీ నింపాలి. ప్రకాశ్ గడ్డం గోక్కున్నాడు. దొంగ వేషం వేసే పిల్లగాడు పక్క నుంచి, “అన్నా, రేపు నువ్వు సచ్చి పడితే నీ ఉంగరంతోని నిన్ను నువ్వే ముట్టుకుని లేస్తవా ఏంది?” అన్నాడు. అందరూ నవ్వారు. ప్రకాశ్ నవ్వలేదు. లేని ఉంగరాన్ని వేలి నుంచి లాగి నా అరచేతిలో పెట్టాడు.

సువార్తకు నేనే ఫోన్ చేశాను. తిరిగి రమ్మని బతిమాలలేదు. ఉంగరం నింపేవాళ్లు కావాలి, ఆ పని తెలిసినదానివి నువ్వే అని చెప్పాను. ఆ పై ఆదివారం వచ్చింది. ప్రకాశ్ చెయ్యి చాపి, నింపు అక్కా అన్నాడు. ఆమె వెంటనే నింపలేదు.

“రోజుకి మూడుసార్లేనండి. అదీ ఊరికే కాదు. నేను వెనక ఉండమంటే మీరు వెనకే ఉండాలి. ముందుకి పరిగెత్తి దెబ్బలు తిని వస్తే ఆ రోజుకి నింపను.”

ప్రకాశ్ నా వైపు తిరిగి, “అంగడమ్మా, నువ్వన్న జెర తగ్గియ్యమను” అన్నాడు.

“గది నా కొట్ల సామాను కాదు, నేనెట్ల తగ్గిస్తా” అన్నాను.

ఒప్పుకున్నాడు. ఆ రోజు ధర కట్టింది నేను కాదు.

ఆ తర్వాత ఇంకో రెండేళ్లు, మోకాళ్లు మెట్లెక్కనన్నంత వరకూ ఆ అంగడి నడిపాను. కొత్త వస్తువు ఎవరడిగినా, పుస్తకంలోని మూడు సంగతులకు ముందు నాది ఒకటి అడిగేదాన్ని. ఈ వస్తువు చేసే పని ఇప్పటిదాకా ఎవరు చేస్తున్నారు? ఆ మనిషి బల్ల దగ్గరే ఉంటే, ముందు ఆ మనిషి మాట విని, తర్వాతే ధర చెప్పేదాన్ని. దానివల్ల కొన్ని బేరాలు పోయాయి. కుర్చీ మాత్రం మళ్లీ ఖాళీ కాలేదు.

ఇగ చాలు స్వప్నా. చిన్న మంత్రం, చిన్న ధర అన్న కాడికెళ్లి మళ్ల సదువు. సారు నా దిక్కు చూసిండు, నేను పట్టించుకోలేదని చెప్పిన గద, అది ఉన్నదున్నట్టు రాసినవా, నా మీద పావురంతోని, ప్రేమకొద్ది, నా తప్పు తక్కువ చేసి రాసినవా, ఇని చూస్తా.